మళ్ళీ విద్యార్థి అయిన మహాకవి

చదువు మధ్యలో ఆపి, రెండు మూడేళ్ళు కూలికి పోయి తిరిగి పుస్తకం పట్టిన మిత్రులు మన మట్టెవాడ హాస్టల్లోనూ ఉన్నారు. ముఖ్యంగా వారి కోసమే ఈ నాలుగు మాటలు.

గుర్రం జాషువా 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో జన్మించారు. చిన్ననాటి నుండే అంటరానితనం చవిచూశారు. 1910లో పెళ్ళి. మిషన్ బడిలో నెలకు మూడు రూపాయల జీతం. అదీ పోయింది. పొట్టకూటికి రాజమండ్రి వెళ్ళి 1915-16లలో సినిమా వాచకుడిగా పనిచేశారు. అప్పటి సినిమాలకు మాటలు లేవు, తెర పక్కన నిలబడి కథ చెప్పాలి. తర్వాత గుంటూరులో లూథరన్ ఉపాధ్యాయ శిక్షణాలయంలో పదేళ్ళు పాఠాలు చెప్పారు.

సంస్కృతం అప్పట్లో మనవాళ్ళకు అందని పండు. అయినా జూపూడి హనుమచ్ఛాస్త్రి గారి వద్ద రఘువంశం, కుమారసంభవం, మేఘసందేశం చదివారు. ఆ రోజుల్లో ఆయన చెప్పడం, ఈయన నేర్చుకోవడం రెండూ సాహసమే! సంసారం మోస్తూనే మళ్ళీ విద్యార్థి అయి, తెలుగు సంస్కృతాలు రెండింటా 'ఉభయ భాషా ప్రవీణ' అనిపించుకున్నారు. 1928 నుండి 1942 వరకు గుంటూరులో భాషా పండితులుగా ఉన్నారు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు, 1970లో పద్మభూషణ్ వచ్చాయి. 1971 జూలై 24న కన్నుమూశారు.

నేర్చిన సంస్కృతం ఊరికే పోలేదు. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపాడు. 1941 నాటి 'గబ్బిలం'లో గుడి గడప తొక్కనివ్వని పేదవాడు తన ఆకలి గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గర్భగుడిలోకి పోవడానికి గబ్బిలానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కదా!