డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు

పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24వ తేదీన గుండుగొలను గ్రామమున సామాన్య కుటుంబములో జన్మించిరి. చెన్నపట్నమున వైద్యవిద్య ముగించి, బందరులో వైద్యులుగా స్థిరపడిరి. పిదప లాభసాటియైన ఆ వృత్తిని విడిచి దేశసేవకు పూనుకొనిరి.

తెలుగువాని ధనము తెలుగువాని కక్కరకు రావలెనన్నది వారి ఆశయము. అది యొక్కనాట సిద్ధించునది కాదు. కావున మెట్టు వెంట మెట్టు కట్టిరి: 1915లో కృష్ణా సహకార బ్యాంకు, 1923లో లక్ష రూపాయల మూలధనముతో బందరున ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ.

1939లో కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో ఓడినను పని మానలేదు. 1948లో ఆ పదవి వారినే వరించినది. 1959 డిసెంబరు 17న పరమపదించిరి.

2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో లీనమైనది. పేరు మాసినను పాఠము మాయలేదు: గింజ గింజ చేరిననే గాదె నిండును.