బ్రౌన్ దొర – మన నుడికారం

ఇంగ్లీషులో పాఠాలు చదివే మాలాంటి పల్లెటూరి విద్యార్థులకు ఒక చిత్రమైన బాధ ఉంటుంది. విడివిడిగా ప్రతి మాటకీ అర్థం తెలుస్తుంది, మొత్తం వాక్యమే అంతుపట్టదు. రెండు వందల ఏళ్ళ కిందట ఇదే బాధ తెలుగుతో పడ్డ ఇంగ్లీషు దొర చార్లెస్ ఫిలిప్ బ్రౌన్.

ఆయన 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. 1812లో తండ్రి పోయాక కుటుంబం ఇంగ్లండు చేరింది. కుంఫిణీ ఉద్యోగం మీద 1817లో మద్రాసులో దిగి, తెలుగు మొదలుపెట్టాడు. అప్పటికి ఆయనది ఇంచుమించు మా వయసే. 1820లో కడప కలెక్టరుకు సహాయకుడయ్యాడు. తరువాత మచిలీపట్నం, రాజమండ్రిలలోనూ పనిచేశాడు.

కచేరీలో కూర్చున్న దొర రైతు మాటను పట్టుకుని భావాన్ని వదిలేస్తే మునిగేది రైతే గదా! ఇంగ్లీషువాడు పడవలు తగలబెట్టానంటే, ఇక వెనకడుగు లేదని తెగించాడన్నమాట. మనవాళ్ళు ఒకణ్ణి ఏరు దాటి తెప్ప తగలేశాడంటే, వాడు చేసిన మేలు మరిచాడని నింద. బొమ్మ ఒకటే, అర్థం ఎక్కడికో పోయింది. వాళ్ళు ఓటమి ఒప్పుకుంటే తువ్వాలు విసిరామంటారు; అది ముష్టియుద్ధపు బరిలో పుట్టిన మాట. మనం కాడి పారేశామంటాం. అది దుక్కిలో పుట్టిన మాట. ఇక్కడ బొమ్మలు వేరు, అర్థం దాదాపు ఒకటే.

ఇలాంటి చోట మాటకు మాట పెట్టి లాభం లేదు. అందుకే బ్రౌన్ పండితుల్ని సొంత ఖర్చుతో పెట్టుకుని, తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూయించాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. 1852లో వచ్చిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులో కావ్యభాషకు పక్కనే వ్యవహారంలో ఉన్న భాషకూ పీట వేశాడు. తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు ప్రత్యేకంగా తెచ్చాడు.

1855లో ఉద్యోగం విరమించి ఇంగ్లండు వెళ్ళినా తెలుగును వదల్లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్యుడిగా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న కన్నుమూశాడు.

ఇంగ్లీషు రాదని క్లాసులో వెనక బెంచీ వెతుక్కునే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నేను చెప్పేదొక్కటే. కొత్త నుడికారం ఎదురైతే, ఇదే సందర్భంలో మన ఊళ్ళో ఏమంటారో ఆలోచించండి. ఇంట్లో నేర్చిన తెలుగు ఇంగ్లీషుకు అడ్డం కాదు, ఆసరా. మన పొలాల మాటల్ని అంత శ్రద్ధగా విన్న దొర, కాడి మాత్రం పారేయలేదు.