బొబ్బిలి రాజాను ఓడించిన గిరి

వి.వి.గిరి అంటే చాలామందికి రాష్ట్రపతి భవనమే గుర్తొస్తుంది. కూలి జనానికి మేము చెప్పదలచింది అంతకు ముందరి గిరి సంగతి. రైలు కార్మికులకు సంఘం కట్టిన గిరి, జమీందారును ఓట్లతో ఓడించిన గిరి. పుంగనూరు జమీందారీ కథలు వింటూ పెరిగిన మన వాల్మీకిపురం, మదనపల్లె వాళ్లకు ఆ ఓటమి విలువ వేరే చెప్పనక్కరలేదు.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు ప్లీడరు. 1913లో గిరి లా చదువుకని ఐర్లండు వెళ్లారు. ఆ దేశమూ మనలాగే ఇంగ్లీషువాళ్ల కింద నలుగుతుండేది. 1916లో అక్కడ తిరుగుబాటు లేచింది. తిరుగుబాటుదార్లతో పొత్తు ఉందని సర్కారు అనుమానించడంతో గిరి దేశం విడవవలసి వచ్చింది.

తిరిగొచ్చి కోర్టు గౌను వదిలేసి జాతీయోద్యమంలో దిగారు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ కట్టినవారిలో ఆయనొకరు. 1928లో బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్యోగాల కోత మీద సమ్మె నడిపారు. 1926లోనూ, 1942లోనూ ఎ.ఐ.టి.యు.సి. అధ్యక్షులయ్యారు.

1937 ఎన్నికల్లో ఆయన ఎదుట నిలిచింది బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రభుత్వాన్ని ఏలినవాడు. అప్పుడు ఓటు అందరికీ లేదు. ఆస్తీ చదువూ ఉన్నవాళ్లకే ఉండేది, కూలివాడికి లేనట్టే. అయినా రాజా ఓడిపోయాడు. గిరి మద్రాసులో కార్మికశాఖ మంత్రి అయ్యారు. జమీందారీల రద్దు చట్టం మాత్రం 1948లో గాని రాలేదు. అదీ రైతుల పోరాటాల తర్వాతే.

1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పును ప్రభుత్వం మార్చిందని 1954లో రాజీనామా ఇచ్చేశారు. కుర్చీ వదిలిన మంత్రులు మనకు ఎందరున్నారు?

మరో ముఖం కూడా చెప్పాలి. 1957లో పార్వతీపురంలో రెండు పార్లమెంటు సీట్లుండేవి. ఒకటి గిరిజనులది, ఒకటి జనరల్. ఓట్లు ఎక్కువ వచ్చి రెండూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. ఓడిన గిరి ఆ జనరల్ సీటు కోసం సుప్రీంకోర్టు దాకా పోయారు. గిరిజనుడు జనరల్ సీటు కూడా గెలవవచ్చునని 1959లో కోర్టు తేల్చింది. రాజాను దించినాయన గిరిజనుడి గెలుపు మీద దావా వేశాడంటే ఆలోచించవలసిందే గదా.

1969 జూలైలో తాత్కాలిక రాష్ట్రపతిగా 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. వెంటనే పదవికి రాజీనామా ఇచ్చి స్వతంత్రుడుగా పోటీచేసి, మన పక్క అనంతపురం జిల్లావాడైన నీలం సంజీవరెడ్డిని ఓడించారు. వామపక్షాలు ఆయనకే ఓటేశాయి. 1971లో రాజాల భరణాలు రద్దయిన రాజ్యాంగ సవరణ ఆయన హయాంలోనే వచ్చింది.

1974 మేలో రైల్వే సమ్మె వచ్చింది. నడిపింది గిరి కట్టిన ఆ ఫెడరేషనే. వేలమంది కార్మికులను జైళ్లలో వేశారు. అప్పుడు రాష్ట్రపతి గిరే. మంత్రివర్గం చెప్పినట్టు నడవవలసిన కుర్చీ అది. సమ్మె 20 రోజుల్లో ఆగిపోయింది. 1980 జూన్ 24న గిరి కన్నుమూశారు.

మనలోంచి పైకి పోయినవాడు మంచివాడైనా, పైన కూర్చున్నాక మన చేతిలో ఉండడు. మన చేతిలో ఉండేది సంఘమే. నాట్లకు కూలి రేటు తేల్చుకునే రోజున పల్లెలో పదిమంది కలిసి నిలబడ్డారా లేదా, అదే లెక్క.