ఒంగోలు క్లౌ దొర, ఆయన కథ రాసిపెట్టిన ఎమ్మా

ఒంగోలులో పెరిగినవాళ్ళకి క్లౌ అన్న పేరు మనిషి పేరుగా కంటే ముందు ఆస్పత్రి పేరుగా తెలుస్తుంది. ఆటోవాడికి దారి చెప్పడానికి పనికొచ్చే పేరు అది. కాస్త పెద్దవాళ్ళని అడిగితే ఇంకొకటి చెబుతారు: ఒక్కరోజులో రెండువేల పైచిలుకు మందికి బాప్తిస్మం జరిపించిన దొర అని. జాన్ ఎవరెట్ క్లౌ గురించి లోకానికి గుర్తున్నది దాదాపు అంతే. నాకు ఆ అంకె కన్నా ఆయన మలివయసు కాపురమే ఆసక్తిగా అనిపించింది. ఆ భాగం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఈ మధ్య మా వీధిలో ఉండే ఒక రిటైరైన జంట ఇల్లు అద్దెకిచ్చి, చర్చి పని మీద ఏడాదిన్నర ఆఫ్రికాకి బయల్దేరారు. ఇద్దరికీ డెబ్భై దగ్గరపడ్డాయి. మా అత్తయ్యగారు అది విని, మనవల్ని ఎత్తుకోవాల్సిన వయసులో ఇదేం బుద్ధి అని రెండు రోజులు ఆశ్చర్యపోయారు. అప్పుడే ఆవిడకి క్లౌ దంపతుల సంగతి చెప్పాను. ఒంగోలు పేరు వినేసరికి ఆవిడకీ ఆసక్తి పుట్టింది.

క్లౌ 1836లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నప్పుడే కుటుంబం పడమటికి వలసపోయి అయోవా చేరింది. కుర్రతనంలో మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ భూముల సర్వే పనిలో చేరాడు. గొలుసులు లాగుతూ, దిక్సూచి చూస్తూ, హద్దురాళ్ళు వేస్తూ పని నేర్చి, సర్వేయర్ అయ్యాడు. లాయరు కావాలనుకున్నవాడు కాలేజీలో మనసు మార్చుకుని మిషనరీ అయ్యాడు. ఈ సర్వే చదువుని గుర్తుపెట్టుకోండి, దానితో తర్వాత పనుంది.

1864 చివర్లో బోస్టన్‌లో తెరచాప ఓడెక్కి, 1865 ఏప్రిల్‌లో మద్రాసులో దిగారు క్లౌ, భార్య హ్యారియట్. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టుల మిషన్ ఉండేది. దాదాపు ముప్పై ఏళ్ళుగా నడుస్తున్నా చేరినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. మూసేద్దామా అని అమెరికాలో సభలు పెట్టి మరీ చర్చించిన మిషన్ అది. ముసలి మిషనరీ లైమన్ జువెట్ పట్టుపట్టి ఆపకపోతే క్లౌ మన వైపు వచ్చేవాడే కాదు. ఇద్దరూ ఒకే ఓడలో వచ్చారు కూడా. 1866లో క్లౌ దంపతులు ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం మొదలైనప్పుడు సభ్యులు 8 మంది.

ఆ రోజుల్లోనే తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ ఆయన, భార్య నాగమ్మ వచ్చి చేరారు. పేరయ్య తోళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఊళ్ళు తిరిగినవాడు. ఆయన వెంట ఆయన మనుషులు రావడం మొదలైంది. ఇక్కడే మొదటి చిక్కు. ఒంగోలులో పైకులాలవాళ్ళు క్లౌ దగ్గరకి పిల్లల్ని బడికి పంపుతున్నారు, వాళ్ళలో కొందరు మతం వైపు కూడా మొగ్గుతున్నట్టున్నారు. మాదిగలని చేర్చుకుంటే మేం రాం అని చెప్పేశారు. అమెరికాలో ఉన్నవాళ్ళకి పైకులాలు చేరితేనే గొప్ప. ఆ రాత్రి క్లౌ ఒక గదిలో, హ్యారియట్ ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే, లోకంలో బలహీనులనీ నీచులనీ ఎంచబడినవాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడన్న ఒకే చోటు ఇద్దరి కంటా పడిందని క్లౌ తర్వాత చెప్పుకున్నాడు. సైన్సు చదివినదాన్ని కాబట్టి ఈ కాకతాళీయం గురించి నేను వాదించను. దాని తర్వాత ఆ ఇద్దరూ ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. మాదిగలని చేర్చుకున్నారు. పైకులాల పిల్లలు బడి మానేశారు.

చేరినవాళ్ళకి క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పనిచెయ్యకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. చదవడానికి తేలిగ్గానే ఉంటాయి. కానీ ఊళ్ళో మాదిగ బతుకంతా వీటితోనే ముడిపడి ఉండేది. చచ్చిన గొడ్డు వాళ్ళది, దాని తోలుతో కాపులకి చెప్పులు, మోటబావికి తోలుతిత్తి కుట్టివ్వాలి, జాతరలో డప్పు కొట్టాలి, వెట్టికి పిలిస్తే ఏ రోజైనా పోవాలి. ఒక్క డప్పు కొట్టనంటే చాలు, కరణం మునసబుల దగ్గర పంచాయితీ. బావి నీళ్ళు కట్, కూలి కట్. దెబ్బలు తిన్నవాళ్ళున్నారు. ఆ నియమాలు పెట్టిన దొర బంగళాలో ఉన్నాడు, వాటిని మోసింది మాత్రం పల్లెల్లో గూడేలవాళ్ళు. ఇది ఎప్పుడూ మర్చిపోకూడదనిపిస్తుంది నాకు.

తర్వాత 1876–78 కరువు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షల ప్రాణాలు తీసిన ధాత కరువు అది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడ మాదిగలకి పని దొరకడం కష్టం, దొరికినా మేస్త్రీలు తిట్టి కొట్టి తరిమేవాళ్ళు. క్లౌ వెళ్ళి 3.5 మైళ్ళ కాలువ పని కాంట్రాక్టు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే ఇక్కడ అక్కరకొచ్చింది. పాకలు వేయించాడు, బావులు తవ్వించాడు, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. నడవగలిగినవాళ్ళు ఎక్కడెక్కడినుంచో వచ్చారు. కలరా కూడా వచ్చింది. వేలమంది ఒకచోట, మంచినీళ్ళు తక్కువ, తిండి లేని ఒళ్ళు. ఇక కలరాకి ఏం అడ్డు? కాఖ్ ఆ క్రిమిని గుర్తించింది 1880లలో. దానికి ముందు వీళ్ళు చేస్తున్నదంతా చీకట్లో యుద్ధమే.

ఆ కాలువ గట్టుమీద బోధకులు భోజనాల వేళ మాట్లాడేవాళ్ళు. జనం బాప్తిస్మం అడిగారు. క్లౌ ఇవ్వనన్నాడు. దాదాపు 15 నెలలు ఒక్కరికీ ఇవ్వలేదు. గింజల కోసం వచ్చారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగిపోయాక, ఇక ఇవ్వడానికి డబ్బూ లేదు పనీ లేదు అని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 2, 3, 4 తేదీల్లో గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర 614, 2,222, 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ మధ్య తేదీ అంకే ఒంగోలుకి పేరు తెచ్చింది. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు చొప్పున నీళ్ళలో దిగి, అలిసిపోతే మార్చుకుంటూ ఆ పని చేశారు. అమెరికా పత్రికల్లో కీర్తి దొరకొచ్చింది.

కీర్తితో పాటు అనుమానమూ వచ్చింది. కూటి కోసం మతం మారారు అన్న మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా వినపడుతుంది. అసలు ప్రశ్న అది. ఆ వేలమంది ఎవరు, ఏం ఆలోచించి వచ్చారు? వాళ్ళనే అడిగి రాసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. అదే క్లౌ రెండో పెళ్ళి కథ.

హ్యారియట్ 1893లో పోయింది. సముద్రానికి ఒక పక్క పని, ఇంకో పక్క పిల్లల చదువులు, మధ్యలో నెలల తరబడి ఉత్తరాల కోసం ఎదురుచూపులు. ఆ కాలంలో మిషనరీ ఇళ్ళన్నిట్లో ఉన్నదే, కానీ ఆ బరువు ఎక్కువగా మోసింది ఆడవాళ్ళే. ఆవిడ గురించి విడిగా ఒక పుస్తకం ఉండాల్సింది. 1894లో క్లౌ ఎమ్మా రౌషెన్‌బుష్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఆయనకి 58, ఆవిడకి 35. ఎమ్మా 1882లోనే ఈ మిషన్‌కి వచ్చి తెలుగు నేర్చుకున్న మనిషి. తర్వాత ఐరోపా వెళ్ళి, స్విట్జర్లాండ్‌లో బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ తీసుకుంది. అంశం ఏమిటనుకున్నారు? 1792లో స్త్రీల హక్కుల మీద పుస్తకం రాసిన మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్. ఆడవాళ్ళని డిగ్రీకి చేర్చుకోవడమే అబ్బురమైన కాలంలో! బీఎస్సీ పట్టాని బీరువాలో పెట్టి వంటింట్లో ఉన్న నాలాంటిదానికి ఈ వాక్యం రాస్తుంటేనే చెయ్యి కాసేపు ఆగింది. ఎమ్మా తమ్ముడు వాల్టర్ రౌషెన్‌బుష్ పేరున్న మతపండితుడు, ఆ తర్వాతి తరంలో మార్టిన్ లూథర్ కింగ్ మీద ఆయన రచనల ప్రభావం చాలా ఉంది.

అలాంటి ఎమ్మా ఒంగోలు వచ్చి ఏం చేసిందంటే, ముసలివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించింది. అంకెలు కాదు ఆవిడకి కావలసింది. చెప్పులు కుట్టే మనుషుల పాత కథలు, వాళ్ళ గురువులు, వాళ్ళ దేవతలు. 1899లో ఆ పుస్తకం వచ్చింది, పేరు వైల్ సూయింగ్ శాండల్స్. చెప్పులు కుడుతూ కుడుతూ అని అర్థం. అరుంధతి కథ, మాతంగి సంగతులు ఇందులో ఉన్నాయి. పదేళ్ళ తర్వాత దక్షిణాది కులాల మీద పెద్ద గ్రంథం తెచ్చిన థర్‌స్టన్ మాదిగల గురించి రాస్తూ ఈ పుస్తకాన్నే వాడుకున్నాడు.

ఈ పుస్తకంలో నాకు కళ్ళు తెరిపించిన విషయం పేరయ్య గురించి. దొరని చూడకముందే పేరయ్య యోగమార్గంలో శిష్యరికం చేసినవాడు. విగ్రహాలతో పనిలేని, లోపలి దేవుణ్ణి వెతికే గురువుల వెంట ఎన్నో ఏళ్ళు తిరిగాడు. అలాంటి గురువుల చుట్టూ మాదిగలు చాలామంది చేరేవాళ్ళు. అంటే వెతుకులాట వాళ్ళదే, దొర రావడానికి ముందునుంచీ ఉన్నదే. తిండి గింజల లెక్క ఒక్కటే పెట్టుకుంటే పేరయ్య లాంటి మనిషి అందులో ఎక్కడా పట్టడు. ఎమ్మా రాయకపోతే ఈ సంగతి మిషన్ రిపోర్టుల్లో ఒక అంకె కింద కప్పడిపోయేది.

ఆవిడకీ కొన్ని హద్దులున్నాయి. కథలు తెలుగులో విని ఇంగ్లీషులో, తన విశ్వాసం కళ్ళతో రాసింది. పుస్తకం కింది పేరులో వాడిన మాటలు ఇప్పుడు చెవికి ఇంపుగా ఉండవు. చెప్పినవాళ్ళకి చదివే వీలూ లేదు. అయినా ఆ మనుషులకి పేర్లున్నాయి, ఊళ్ళున్నాయి, భార్యలున్నారు. అప్పటి పుస్తకాల్లో అది తక్కువ విషయం కాదు.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో క్లౌ పడి ఎముక విరగ్గొట్టుకున్నాడు. గుర్రమెక్కి పల్లెలన్నీ తిరిగిన మనిషి కుర్చీకి అంటుకుపోయాడు. ఇంకో పక్క పని పెరుగుతూనే ఉంది. 1903లో ఈ తెలుగు బాప్టిస్టులే తమ సొంత చందాలతో నెల్లూరు వైపునుంచి జాన్ రంగయ్యని, ఆయన భార్య కనకమ్మని దక్షిణాఫ్రికాకి పంపారు. నేటాల్ చెరుకు, తేయాకు తోటల్లో ఉన్న తెలుగు కూలీల మధ్య పనిచెయ్యడానికి. కీర్స్నీలో వాళ్ళు మొదలుపెట్టిన సంఘం నుంచే అక్కడి తెలుగు బాప్టిస్టు సంఘాలు పెరిగాయి. దక్షిణాఫ్రికాలో ఉన్న మన పాఠకులకి ఇది నాకన్నా బాగా తెలుసు. పంపించుకునే వాళ్ళు పంపే వాళ్ళయ్యారు.

చివరికి క్లౌ దంపతులు ఒంగోలు వదిలి అమెరికా వచ్చేశారు. నలభై ఏళ్ళు తెలుగు నేల మీద ఉన్నవాడికి సొంత దేశం ఎలా అనిపించి ఉంటుందో, సెలవులకి ఇంటికెళ్ళి తిరిగొచ్చే మనకి కొంత ఊహకందుతుంది. ఆరోగ్యం చెడి, మంచం పట్టి, ఆయన జ్ఞాపకాలు చెబుతుంటే ఎమ్మా రాసుకుంది. పాత ఉత్తరాలు, రిపోర్టులు తిరగేసి సరిచూసింది. తాను మొదట్లో అర్థం చేసుకోలేని ఒక సంగతి అందులో ఆయన చెప్పాడు. మాదిగలని తమ ఊరి నుంచి, కులబంధువుల నుంచి విడదీసి మిషన్ కాంపౌండులో పెట్టకుండా, ఎక్కడివాళ్ళని అక్కడే ఉంచడం వల్లే ఆ ఉద్యమం నిలబడిందని. చుట్టరికాల దారిలోనే అది ఊరూరూ పాకిందని. పేరయ్య యోగసాధన తన పనికి నేల దున్నిపెట్టిందని కూడా ఒప్పుకున్నాడు. ఈ రెండు మాటలూ ఎమ్మా ముందు పుస్తకం చదివినవాళ్ళకి కొత్తగా అనిపించవు.

క్లౌ 1910 నవంబరులో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో చనిపోయాడు. పుస్తకం 1914లో సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ద ఓరియెంట్ అన్న పేరుతో వచ్చింది. మొదలునుంచి చివరిదాకా నేను, నేను అంటూ క్లౌ గొంతుతోనే సాగుతుంది. మొదటి పేజీలో రచయితగా ఆయన పేరు, దాని కింద ఆయన కోసం రాసిపెట్టింది భార్య అంటూ ఎమ్మా పేరు.