తెరచాపలు కుట్టిన విజేత



పూర్వము బెజవాడనుండి బందరు కాలువమీద పడవలు తెరచాపలెత్తి వడ్లు మోసెడివి. గాలి నిలిచిపోయినప్పుడు పడవవారు గట్టున నడచుచు త్రాటితో లాగెడివారు. ఆ తెరచాపతోనే లోకమంతట పేరొందిన డెన్మార్కు దేశస్థుడు పాల్ ఎల్వ్‌స్ట్రోమ్ జీవితమును ఈ నెల తలంచుకొందము.

ఆయన 1928లో కోపెన్‌హాగెన్ చెంత, సముద్రతీరమందలి హెల్లెరప్ అను ఊర జన్మించెను. 1948 లండను ఒలింపిక్ క్రీడలలో పడవ పందెమునకు వచ్చునప్పటికి ఆయనకు 20 ఏండ్లు. పందెములు ఏడు, వాటి మార్కులనుబట్టి విజేతను నిర్ణయించిరి. మొదటి పందెమును ఆయన ముగింపకయే విడిచెను. అయినను నిరాశపడి ఇంటికి పోలేదు. కడపటి రెండు పందెములను గెలిచి బంగారు పతకము పొందెను. పిమ్మట 1952, 1956, 1960లలోను ఒంటరిగా నడుపు చిన్న పడవలో బంగారు పతకములే గెలిచెను.

ఇది ఎట్లు సాధ్యమాయెను? పెనుగాలిలో పడవ బోర్లపడకుండ నడుపువాడు తన దేహమును అంచుమీదినుండి వెలుపలికి వాల్చి నిలుపవలెను. తొడలు మండిపోవును. ఆయన ఇంటిలో ఒక బల్ల చేసికొని, దానిమీద అట్లే వ్రేలాడుచు సాధన చేసెను. నీటిమీది గెలుపు ముందుగా నేలమీదనే, ఎవరును చూడనిచోట సిద్ధమాయెను.

1954లో తెరచాపలు చేయు పనిని స్థాపించెను. గుడ్డలో గాలి ఎట్లు పొంగునో పందెములలో నేర్చినది ఆ పనికి అక్కరకు వచ్చెను. డేరాలు కుట్టి జీవించిన అపొస్తలుడైన పౌలు పేరే ఈయన పేరును. పడవలో చేరిన నీరు పడవ వేగముచేతనే వెలికి పోవునట్టి సాధనమును కూడ ఆయన కల్పించెను.

అయితే గెలుపు ఒక బరువు. అందరును ఆయన గెలుపునే కోరిరి. 1972లో మనస్సు నలిగి, పోటీ ముగియకమునుపే విరమించెను. నాలుగు బంగారు పతకములు ఆ దినమున ఆయనను నిలుపలేకపోయెను. కాని కథ అక్కడ ముగియలేదు. 1984లో తన కుమార్తె ట్రీనేతో ఒకే పడవలో మరల ఒలింపిక్ పోటీకి వచ్చి నాలుగవ స్థానము పొందెను. పతకము రాలేదు. అయినను 1988లో, 60 ఏండ్ల ప్రాయమున, ఆ తండ్రియు కుమార్తెయు మరల వచ్చిరి. అది ఆయనకు ఎనిమిదవ ఒలింపిక్.

తోటివారి గౌరవమును పోగొట్టుకొని పొందినది గెలుపే కాదని ఆయన ఎంచెను. 2016లో, 88 ఏండ్ల వయస్సున మరణించెను.

పొలము గట్టు తగవులో జానెడు నేల గెలిచి, పొరుగువాని పలకరింపు పోగొట్టుకొన్నవారు మన ఊళ్లలో లేరా? ఆ జానెడు నేల మనకు ఏమి పండించెను?