ఇన్సులిన్‌తో 45 ఏళ్లు: డాక్టర్ రాబిన్ లారెన్స్ జీవితం

బాంటింగ్, బెస్ట్‌ల పేర్లు జంతుశాస్త్రం చదివే ప్రతి విద్యార్థికీ తెలుసు. 1921లో కెనడాలోని టొరంటో నగరంలో వారు ఇన్సులిన్‌ను వేరుచేశారని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ మందు చేతికి వచ్చాక దానితో బతకడం ఎట్లాగో రోగులకు నేర్పిన మనిషి పేరు మాత్రం మన నోట్సులో కనబడదు. ఆయన రాబర్ట్ డేనియల్ లారెన్స్. అందరికీ రాబిన్.

లారెన్స్ 1892 నవంబరు 18న స్కాట్లాండులోని అబర్డీన్‌లో పుట్టారు. మొదట చదివింది సాహిత్యం. కొన్నాళ్లు లండన్‌లో బంధువుల బట్టల దుకాణంలో పనిచేసి, అది సరిపడక వెనక్కి వచ్చి వైద్యంలో చేరారు. 1916లో పట్టా పుచ్చుకుని సైనిక వైద్యుడిగా మన దేశపు సరిహద్దుల్లో కూడా పనిచేశారు. తిరిగి వెళ్లాక లండన్‌లోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో కుదిరారు. మంచి సర్జను కావాలని కోరిక.

1920లో ఒకనాడు శవం మీద చెవి వెనక ఎముకను ఉలితో తొలుస్తూ అభ్యాసం చేస్తుండగా ఎముక పెచ్చు ఎగిరి కంట్లో పడింది. కన్ను చీము పట్టింది, ఎంతకూ మానలేదు. పరీక్షిస్తే మూత్రంలో చక్కెర. ఆ కంటి చూపు దెబ్బతింది, దానితోపాటు సర్జను కావాలన్న ఆశా పోయింది. అప్పటికి ఆయన వయసు 28 లోపే.

ఆ రోజుల్లో ఈ జబ్బుకు మందు లేదు. ఉన్నదల్లా కడుపు మాడ్చడమే. ఆకలితో చిక్కి శల్యమై కొన్ని నెలలో, రెండు మూడేళ్లో ఎక్కువ బతికేవారు. లారెన్స్ ఆ కఠిన పథ్యంతోనే ప్రయోగశాలలో రక్త రసాయనాల పని నేర్చుకున్నారు. ఇంటివాళ్ల కళ్లముందు చావడం ఇష్టంలేక ఇటలీలోని ఫ్లారెన్స్‌కు వెళ్లి చిన్న ప్రాక్టీసు పెట్టుకున్నారు. 1922 చివర చలికాలంలో రొమ్ము పడిశం పట్టి జబ్బు ముదిరింది. చేతులు, కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పాయి.

1923 మే నెలలో లండన్ నుంచి పాత సహచరుడు, రసాయన పరీక్షల నిపుణుడు డాక్టర్ హారిసన్ కబురు పంపారు, ఇన్సులిన్ దొరికింది, పనిచేస్తోంది, వెంటనే రమ్మని. ఆ తిమ్మిరి చేతులతోనే కారులో యూరప్ దాటి మే 28న ఆసుపత్రి చేరారు. మే 31న మొదటి సూది. మన మంజీర మీద నిజాంసాగర్ కట్టడం మొదలైందీ 1923లోనే. ఆ నీళ్లు పారబట్టే మా తాతలు చెరకు వేశారు, 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ వెలిసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెరకు పండించే ఇంట్లో పుట్టి తీపి మెక్కడం వల్లే నాకు షుగరు వచ్చిందని ఊళ్లో ఇప్పటికీ అంటారు. ఫ్యాక్టరీ 2015లో మూతపడింది గాని ఆ మాట మూతపడలేదు! నాది టైప్ 1. ఒంట్లోని రక్షణ వ్యవస్థే పొరబడి క్లోమంలోని బీటా కణాలను నాశనం చేస్తుంది. తిన్న తీపికీ దీనికీ సంబంధం లేదు. ఇన్సులిన్ ఆపితే కొద్ది రోజుల్లోనే రక్తం ఆమ్లమై ప్రాణం మీదికి వస్తుంది.

11వ ఏట నుంచి 18 నిండేదాకా నన్ను ఒక పిల్లల డాక్టరు చూశారు. అమ్మతో కలుపుకు పోయిన రోజు ఎన్ని యూనిట్లు తగ్గించాలో, కరెంటు పోతే సీసాను తడిగుడ్డ చుట్టిన కుండలో ఎట్లా దాచాలో అన్నీ వారికి ఎరుకే. 18 నిండాక పెద్దల డాక్టరు దగ్గరికి పొమ్మని చీటీ ఇచ్చారు. అక్కడ బెంచీ మీద అందరూ మా తాత ఈడు వాళ్లే, మాత్రలు మింగేవాళ్లే. ఏడేళ్ల నా కథ ఆ చీటీలో రెండు వాక్యాలు. ఇన్నాళ్లూ నా తరఫున మాట్లాడిన బాపు అలవాటు కొద్దీ నోరు తెరిస్తే కొత్త డాక్టరు నన్నే చెప్పమన్నారు. న్యాయమే. కాని చెప్పడం నాకెవరు నేర్పారు? ఈ వయసులోనే హార్మోన్ల వల్ల ఇన్సులిన్ లెక్కలు తారుమారవుతాయి, చదువుకు ఊరు మారతాం, హాస్టల్లో చేరతాం. డాక్టరు దగ్గరికి పోవడం మానేసేవాళ్లు చాలావరకు ఈ సందులోనే జారిపోతారు.

1922కు ముందు ఈ సమస్యే లేదు, పెద్దయ్యే దాకా బతికిన పిల్లలు లేరు గనుక. మొట్టమొదట ఇన్సులిన్ పొందిన లియొనార్డ్ థాంప్సన్ అప్పటికింకా పిల్లవాడే. న్యుమోనియాతో 1935లో పోయాడు. సూది అతనికి 13 ఏళ్లు ఇచ్చింది. ఆ పైన ఏం కావాలో ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు.

లారెన్స్‌కు తెలిసింది, ఎందుకంటే రోజూ సూదిని ఉడకబెట్టి గుచ్చుకునేది ఆయనే. కింగ్స్‌లో మధుమేహ విభాగాన్ని దేశంలోనే పెద్దవాటిలో ఒకటిగా పెంచారు. 1925లో 'ది డయాబెటిక్ లైఫ్' రాశారు. వైద్యులూ రోగులూ ఒకే పుస్తకం చదవాలని ఉద్దేశం. అన్నం, రొట్టె వంటి పిండి పదార్థాలను 10 గ్రాముల నల్ల వాటాలుగా, మాంసకృత్తులూ కొవ్వూ ఉన్నవాటిని ఎర్ర వాటాలుగా విడగొట్టి, ఒక నల్లకు ఒక ఎర్ర చొప్పున భోజనం కట్టుకునే పద్ధతి నేర్పారు. అక్షరం వచ్చిన ఎవరికైనా అందే లెక్క అది. రోగి తన మోతాదు తాను చూసుకోవాలన్నది ఆయన పట్టుదల.

1928లో పెళ్లి చేసుకున్నారు, ముగ్గురు కొడుకులు. మా ఇంట్లో నా పెళ్లి మాట వస్తే సూది సంగతి అవతలివాళ్లకు చెప్పాలా దాచాలా అని గుసగుసలు మొదలవుతాయి, అందుకే ఈ సంగతి రాస్తున్నాను. మధుమేహం ఉన్న తల్లులకు క్షేమంగా కాన్పు కావడానికి ప్రసూతి వైద్యుడు జాన్ పీల్‌తో కలిసి ఆయన చేసిన కృషి కూడా చిన్నది కాదు.

1934లో తన రోగీ, ప్రఖ్యాత రచయితా అయిన హెచ్.జి. వెల్స్‌తో కలిసి డయాబెటిక్ అసోసియేషన్ స్థాపించారు. ధనికులూ పేదలూ, డాక్టర్లూ రోగులూ ఒకే సంఘంలో సభ్యులు. మరుసటి ఏడు పత్రిక వచ్చింది. 1950లో అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఏర్పడితే మొదటి అధ్యక్షుడు ఆయనే. 1958లో పక్షవాతం వచ్చింది. 1968 ఆగస్టు 27న 75వ ఏట కన్నుమూశారు.

మన కాలేజీలో ఇన్సులిన్ వేసుకునే మిత్రులు ఇంకెవరైనా ఉంటే, ముఖ్యంగా ఈ ఏడు పిల్లల డాక్టరును వదిలి రావలసినవారు, లంచ్ గంటలో జంతుశాస్త్రం ల్యాబు దగ్గర నన్ను కలవండి. పాత ఫైలు జిరాక్సు, మోతాదుల నోటుబుక్కు తెచ్చుకోండి. కొత్త డాక్టరుకు ఏమేమి చెప్పాలో కూర్చుని ఒక కాగితం మీద రాసుకుందాం. హాస్టల్ ఫ్రిజ్‌లో ఒక అర మనకు ఇమ్మని వార్డెన్ గారిని అడిగే అర్జీ కూడా నా దగ్గర సిద్ధంగా ఉంది. దాని మీద సంతకాలు కావాలి.