పిచ్చుక చూపిన దారి: సలీం అలీ జీవితం

బొంబాయిలోని ఖేత్వాడీలో, మేనమామ ఇంట పెరుగుతున్న పదేళ్ల పిల్లవాడు ఒకనాడు తన ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకం అది. కలిగిన ఇళ్ల పిల్లల చేతిలో ఎయిర్‌గన్ ఉండటం ఆనాడు వింత కాదు. అయితే నేలరాలిన ఆ పిట్ట మెడ కింద పసుపుపచ్చని మచ్చ ఒకటి కనిపించింది. ఇంటి చూరుల్లో తిరిగే పిచ్చుకలకు అటువంటి మచ్చ ఉండదు. దానిని తినవచ్చునో కూడదో తేల్చుకోలేక బాలుడు మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీకి చూపించాడు. వేటలో ఎంతో అనుభవమున్న ఆయనకూ అదేమి పిట్టో తెలియలేదు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ గౌరవ కార్యదర్శి డబ్ల్యూ.ఎస్. మిల్లార్డ్ వద్దకు పిల్లవాణ్ణి పంపించారు.

దొరల కార్యాలయంలోకి బెరుకుగా అడుగుపెట్టిన ఆ బాలుణ్ణి మిల్లార్డ్ కసిరి పంపివేసి ఉంటే ఈ కథ అక్కడితో ముగిసేది. ఆయన ఆ పని చేయలేదు. అది పసుపు మెడ పిచ్చుక అని చెప్పారు. సొసైటీ సొరుగులు తెరిచి, గడ్డి కూరి భద్రపరచిన పక్షులను చూపించారు. చదువుకోవడానికి పుస్తకాలిచ్చారు. పక్షి చర్మాన్ని చెడిపోకుండా ఒలిచి దాచే పద్ధతి నేర్పే ఏర్పాటు చేశారు. ఆ బాలుడే తరువాతి కాలంలో భారతదేశపు పక్షి శాస్త్రానికి పర్యాయపదమైన సలీం అలీ.

1896 నవంబరు 12న పుట్టిన సలీం ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్లకు తల్లిని పోగొట్టుకున్నారు. తోబుట్టువులలో అందరికన్నా చిన్నవాడు. చదువులో రాణించలేదు. 1913లో ఎలాగో మెట్రిక్యులేషన్ గట్టెక్కారు. కళాశాల చదువు సాగకపోవడంతో, అన్నగారి టంగ్‌స్టన్ గనుల పనిలోను, కలప వ్యాపారంలోను చేదోడుగా ఉండేందుకు బర్మాలోని తవాయ్ ప్రాంతానికి వెళ్లారు. చుట్టూ దట్టమైన అడవి, అడవి నిండా పిట్టలు. ఇక లెక్కల పుస్తకాల మీద మనసు నిలుస్తుందా! 1917లో బొంబాయికి తిరిగివచ్చి వాణిజ్య చట్టం, అకౌంటెన్సీ చదవడం మొదలుపెట్టారు. అదే సమయంలో సెయింట్ జేవియర్స్ కళాశాలలో ఫాదర్ ఎథెల్బర్ట్ బ్లాటర్ ప్రోత్సాహంతో జంతుశాస్త్రం అభ్యసించారు. 1918లో తెహ్మినాతో వివాహమైంది. మళ్లీ బర్మా వెళ్లినా వ్యాపారం నిలదొక్కుకోలేదు.

ముప్పయ్యో ఏటికి చేరువవుతున్న ఆ మనిషి పరిస్థితి ఊహించండి. పట్టా లేదు. వ్యాపారం దివాలా తీసింది. తెలిసినదల్లా పక్షులే. దానికి జీతమిచ్చే ఉద్యోగాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కించవచ్చు. జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పక్షి శాస్త్రజ్ఞుడి కొలువుకు ప్రయత్నించారు. విశ్వవిద్యాలయ పట్టా లేదన్న కారణంగా అది దక్కలేదు. చివరికి 1926లో బొంబాయిలోని ప్రిన్స్ ఆఫ్ వేల్స్ మ్యూజియంలో, ప్రకృతి చరిత్ర విభాగానికి వచ్చే సందర్శకులకు వివరించి చెప్పే గైడ్ లెక్చరర్ ఉద్యోగం దొరికింది. జీతం నెలకు 350 రూపాయలు. ఆ రోజుల్లో అది కుదురైన సంసారానికి చాలిన సొమ్ము.

అయినా రెండేళ్లకే ఆ పని విసుగనిపించింది. గాజు పెట్టెలలోని పక్షుల గురించి చెప్పిందే చెప్పడం కాదు, శాస్త్రీయమైన శిక్షణ కావాలనుకున్నారు. 1928లో సెలవు పెట్టి బెర్లిన్ వెళ్లి, అక్కడి జువలాజికల్ మ్యూజియంలో ఎర్విన్ స్ట్రెసెమాన్ వద్ద శిష్యరికం చేశారు. ఆ కాలపు పక్షి శాస్త్రంలో అగ్రగణ్యుడైన స్ట్రెసెమాన్‌నే సలీం అలీ జీవితాంతం గురువుగా భావించారు. చచ్చిన పిట్టను కొలిచి పేరు పెట్టడంతో సరిపెట్టుకోక, బతికిన పిట్ట ఏం తింటుంది, ఎలా జత కడుతుంది, ఎక్కడికి వలస పోతుంది అని అడిగే కొత్త దృష్టి అక్కడ స్థిరపడింది.

1930లో తిరిగి వచ్చేసరికి ఆయన ఉద్యోగమే లేదు. నిధుల కొరతతో ఆ పదవిని రద్దు చేశారు.

బొంబాయిలో ఇల్లు నడపలేని ఆ దంపతులు రేవుకు ఆవలి ఒడ్డున, అలీబాగ్ సమీపంలోని కిహీం అనే తీరగ్రామానికి మారారు. ఇంటి దగ్గరి చెట్టుకు గిజిగాళ్లు గూళ్లు అల్లుతున్నాయి. ఆ ఏటి వానాకాలమంతా సలీం అలీ మాటు వేసి, నోటు పుస్తకం చేతబట్టి వాటిని గమనిస్తూ గడిపారు. తెలుగువారికి గిజిగాడు కొత్త కాదు. జాషువా పద్యాలలో ఆ గూటి పనితనాన్ని చదువుకున్నవాళ్లమే. కాని ఆ గూటి వెనుక నడిచే సంసారం ఎటువంటిదో అప్పటివరకు ఎవరూ సరిగా చూడలేదు. మగపిట్ట గూడును సగం అల్లి ఆపుతుంది. ఆడపిట్టలు వచ్చి లోపలికి దూరి పరిశీలిస్తాయి. ఒకటి మెచ్చి అందులో స్థిరపడితేనే మగపిట్ట మిగతా సగాన్ని, పొడవాటి గొట్టంలాంటి ద్వారాన్ని పూర్తి చేస్తుంది. అక్కడ గుడ్లు పడగానే పక్కనే మరో గూడు మొదలుపెట్టి మరో ఆడపిట్టను పిలుస్తుంది. పొదగడం, పెంచడం ఆడపిట్ట వంతు. ఈ పరిశీలన సొసైటీ పత్రికలో వెలువడి సలీం అలీకి శాస్త్రలోకంలో పేరు తెచ్చింది. నిరుద్యోగపు తీరిక లేకపోతే ఆ పని జరిగేదే కాదేమో.

పేరు వచ్చినా కూడు రాలేదు. అప్పుడు ఆయన ఒక ఉపాయం ఆలోచించారు. సంస్థానాలలోని పక్షులపై అంతవరకు క్రమబద్ధమైన సర్వేలు పెద్దగా జరగలేదు. ప్రయాణానికి, విడిదికి అయ్యే ఖర్చులు భరిస్తే చాలు, తనకు వేతనం అక్కరలేదని ప్రతిపాదించారు. ముందుగా అంగీకరించింది నిజాం ప్రభుత్వం. 1931, 32 సంవత్సరాలలో హైదరాబాద్ సంస్థానంలోని అడవులు, చెరువులు, మెట్ట నేలలు తిరిగి తయారుచేసిన నివేదిక నేటికీ తెలంగాణ పక్షులపై పనిచేసేవారికి మూలాధారాలలో ఒకటి. తరువాత తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల వంతు వచ్చింది.

ఇష్టమైన పని వెంట నడిచిన వీరుడిగా సలీం అలీని కీర్తించేవారు తెహ్మినాను తరచుగా మరచిపోతారు. పట్టణ జీవితానికి అలవాటుపడిన ఆమె గుడారాలలో, ఎడ్లబండి బాటలలో భర్త వెంట నడిచి విడిది నిర్వహణ మీద వేసుకున్నారు. జీతం లేని మనిషితో సంసారం చేయడానికి ఆమె ఒప్పుకోకపోయి ఉంటే ఈ సర్వేలు సాగేవి కావు. త్యాబ్జీల వంటి పలుకుబడిగల కుటుంబపు అండ ఉండటం కూడా చిన్న విషయం కాదు. 1939లో ఒక శస్త్రచికిత్స అనంతరం తెహ్మినా మరణించారు. సలీం అలీ మళ్లీ వివాహం చేసుకోలేదు. సోదరి ఇంట ఉంటూ పూర్తిగా పనిలో మునిగిపోయారు.

1941లో సామాన్య పాఠకుల కోసం బొమ్మలతో ఆయన రాసిన భారతీయ పక్షుల గ్రంథం వెలువడింది. పట్టణాల మధ్యతరగతి ఇళ్లలోకి పక్షి పరిశీలన అనే అభిరుచి ప్రవేశించడానికి అది ప్రధాన కారణం. అమెరికన్ శాస్త్రజ్ఞుడు డిల్లన్ రిప్లీతో కలిసి భారత ఉపఖండపు పక్షులపై 10 సంపుటాల బృహద్గ్రంథాన్ని 1974 నాటికి పూర్తి చేసేసరికి ఆయన వయసు 78కి చేరువైంది. శాస్త్రం కోసం ఆయన స్వయంగా ఎన్నో పక్షులను కాల్చి సేకరించారన్నదీ నిజమే. నేటి పాఠకుడికి అది మింగుడుపడకపోవచ్చు. ఆయన దానిని ఏనాడూ దాచలేదు. భరత్‌పూర్ చిత్తడి నేలల రక్షణకు, కేరళలోని సైలెంట్ వ్యాలీ అడవిని కాపాడే ప్రయత్నానికి గట్టిగా నిలబడినదీ ఆయనే. పాల్ గెట్టీ పురస్కారంతో వచ్చిన 50,000 డాలర్లు సొసైటీకే చెందాయి. 1958లో పద్మభూషణ్, 1976లో పద్మవిభూషణ్ లభించాయి. 1985లో రాజ్యసభకు నామినేట్ అయ్యారు.

ఆయన చివరి రోజులలోనే మన నేల నుంచి ఒక కబురు వెళ్లింది. 1900 తరువాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందని అందరూ భావించిన కలివికోడి 1986 జనవరిలో కడప జిల్లా పొదల అడవిలో దొరికింది. రాత్రివేళ తిరిగే ఆ పక్షి జాడను స్థానికుల సాయంతో పట్టుకున్నది బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడే. చేతిలో పిచ్చుకతో సలీం అలీ ఆ సొసైటీ మెట్లెక్కి అప్పటికి దాదాపు 80 ఏళ్లు. మరుసటి ఏడాది జూన్ 20న, 90 ఏళ్ల వయసులో, బొంబాయిలో ఆయన కన్నుమూశారు.